చతురస్రాన్ని వెలివేయకండి

వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నాకిచ్చిన అంశం చతుర్భుజాల వర్గీకరణ. రకాలన్నీ ఏకరువు పెట్టను, అవి మీకు కంఠతా వచ్చు. ఒక్కదాని మీదే పట్టుబడతాను: చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే.

నాలుగు కోణాలూ లంబకోణాలైన చతుర్భుజం దీర్ఘచతురస్రం. ఇందులో ఆసన్న భుజాలు సమానం కాకూడదన్న షరతు ఎక్కడుంది? ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ పెట్టాడు, నిజమే. తన "ఎలిమెంట్స్" గ్రంథం మొదటి పుస్తకం 22వ నిర్వచనంలో రెంటినీ విడదీశాడు. మనకు ఆ విభజన అక్కర్లేదు. దీర్ఘచతురస్ర కర్ణాలు సమానమని ఒకసారి నిరూపిస్తే చతురస్రానికీ చెల్లాలి. వేరుచేశామా, అదే నిరూపణ మళ్లీ రాయాలి.

ట్రెపీజియం సంగతీ ఇంతే. సమాంతర భుజాలు "కనీసం ఒక జత" అనండి, "ఒకే జత" అనకండి. అప్పుడు సమాంతర చతుర్భుజమూ అందులో చేరుతుంది, వైశాల్య సూత్రం దానికీ పనిచేస్తుంది. జాగ్రత్త ఒక్కటే: సమద్విబాహు ట్రెపీజియాన్ని "పక్క భుజాలు సమానం" అని నిర్వచిస్తే సమాంతర చతుర్భుజాలన్నీ లోపలికొస్తాయి, సమద్విబాహు ట్రెపీజియానికి కర్ణాలు సమానంగా ఉండాలి, వాటి కర్ణాలేమో సాధారణంగా సమానం కావు. "భూమి (అంటే అడుగున ఉన్న సమాంతర భుజం) దగ్గరి రెండు కోణాలూ సమానం" అనండి.

ఇప్పుడు కర్ణాలతో మొదలుపెడదాం. 8, 6 సెంటీమీటర్ల అట్ట పట్టీలు రెండు తీసుకుని మధ్యబిందువుల దగ్గర గుండుసూది గుచ్చండి. ఎంత తిప్పినా, కొనలు కలిపితే సమాంతర చతుర్భుజమే. 90 డిగ్రీల దగ్గర రాంబస్, అంటే నాలుగు భుజాలూ సమానం, భుజం 5 సెంటీమీటర్లు. లంబం చెడకుండా, పెద్ద పట్టీ మీద సూదిని 5, 3గా చీలేచోటికి జరపండి. రాంబస్ పోయి గాలిపటం, అంటే పక్కపక్క భుజాలు రెండు జతలుగా సమానమైన చతుర్భుజం, వచ్చింది! కర్ణాలు లంబమైతే చాలు రాంబస్ అని పిల్లలు రాసేది ఇది చూడకే. కర్ణాలు ఒకదాన్నొకటి సమద్విఖండన చేయడం కూడా కావాలి.

చిన్న పట్టీ తీసేసి ఇంకో 8 పెట్టండి, సూది మళ్లీ మధ్యకు. ఎటు తిప్పినా దీర్ఘచతురస్రమే. 90 దగ్గర చతురస్రం అవుతుంది, కోణం దాటగానే మళ్లీ పొడుగు వెడల్పులు వేరవుతాయి. ఆ ఒక్క క్షణం అది దీర్ఘచతురస్రం కాకుండా పోయిందా? మీరే చెప్పండి!

ఇంకోమాట. బోర్డు మీద చతురస్రాన్ని ఎప్పుడూ అడుగుభుజం నేలబారుగానే గీస్తున్నాం. 45 డిగ్రీలు వాల్చి గీస్తే అది చతురస్రం కాదంటారు పిల్లలు. దయచేసి వాల్చి గీయండి, వారానికోసారైనా.

చివరగా, రెండు 8 పట్టీలనూ ఒక్కో కొన నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర కలిపి గుచ్చండి. కర్ణాలు సమానమే, అయినా దీర్ఘచతురస్రం రాదు. ఏం వస్తుందో, ఎందుకో రేపు తరగతిలో అడగండి.