చివరి ఇన్వేడర్ పరుగు

వ్యాఖ్యాత: నమస్కారం. నాణెం వేసి ఆడే పాత ఆర్కేడ్ ఆటలు ఇంట్లోని కంప్యూటర్‌లో ఎలా నడుస్తాయో ఈరోజు మాట్లాడుకుందాం. ఎమ్యులేటర్ అంటే ఆటను కంప్యూటర్ కోసం మళ్లీ రాయడమేనాండీ?

అతిథి: కానే కాదండీ. ఆటలో ఒక్క అక్షరం కూడా మార్చరు. ఆర్కేడ్ పెట్టె లోపలి సర్క్యూట్ బోర్డు మీది చిప్పుల్లో ఉన్న ప్రోగ్రామును ఉన్నదున్నట్టు దించుకుంటారు. దాన్నే రోమ్ అంటాం. ఇక ఎమ్యులేటర్ చేసేది ఆ బోర్డును సాఫ్ట్‌వేర్‌తో కట్టడం. ప్రాసెసర్, ధ్వని చిప్పు, తెర మీద బొమ్మ గీసే సర్క్యూటు, అన్నీ. ఆట తాను ఇంకా పాత పెట్టెలోనే ఉన్నాననుకుంటుంది.

వ్యాఖ్యాత: అచ్చం అలాగే కనిపించే ఆటను కొత్తగా రాసుకుంటే సరిపోదా? ఇంత శ్రమ దేనికి?

అతిథి: స్పేస్ ఇన్వేడర్స్ తీసుకోండి. 1978లో తైతో సంస్థ కోసం తొమోహిరో నిషికాడో చేసిన ఆట. వరుసకు 11 మంది, 5 వరుసలు, మొత్తం 55 మంది శత్రువులు. మొదట నత్తనడక నడుస్తారు. కాల్చేకొద్దీ వేగం పెరుగుతుంది. చివరికి మిగిలిన ఒక్కడు తెర ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతాడు. ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందంటారు?

వ్యాఖ్యాత: ఆట కష్టం కావాలని అలా రాసి ఉంటారు.

అతిథి: లేదండీ. అందులో ఉన్నది 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఇంటెల్ 8080 ప్రాసెసర్. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, మారిన ప్రతిసారీ ఒక్క శత్రువు మాత్రమే జరుగుతాడు. 55 మంది ఉన్నప్పుడు అందరూ ఒక్క అడుగు వేయడానికే దాదాపు సెకను పడుతుంది. ఒక్కడే మిగిలితే ప్రతిసారీ వాడి వంతే! యంత్రానికి ఉన్న పరిమితి నుంచే ఆ ఉత్కంఠ పుట్టింది. నిషికాడో దాన్ని గమనించి, సరిదిద్దకుండా అలాగే ఉంచారు. యంత్రాన్ని సరిగ్గా కడితే ఆ పరుగు తనంతట తానే వస్తుంది.

వ్యాఖ్యాత: అంటే లోపాలు కూడా వస్తాయన్నమాట.

అతిథి: రావాలండీ! దయ్యాలకు చిక్కకుండా గోడల మధ్య దారుల్లో తిరిగే ఆట ప్యాక్-మ్యాన్. అందులో స్థాయి సంఖ్య ఒకే బైటులో ఉంటుంది, బైటులో 255 దాకానే పడుతుంది. 256వ స్థాయికి చేరేసరికి లెక్క తప్పి, తెర కుడి సగమంతా చెత్త అక్షరాలతో నిండిపోతుంది. ఆ చెత్త రాకపోతే ఎమ్యులేటర్‌లోనే తప్పుందని నేనంటాను.

వ్యాఖ్యాత: అసలు బోర్డులు ఉన్నాయి కదా, అవి చాలవా?

అతిథి: అవి చచ్చిపోతున్నాయండీ. క్యాప్‌కామ్ వారి సీపీఎస్-2 బోర్డుల్లో ఆట రహస్య సంకేతంలో ఉంటుంది. దాన్ని విప్పే తాళం చెవి ఒక బ్యాటరీ మీద ఆధారపడ్డ మెమొరీలో ఉంటుంది. బ్యాటరీ అయిపోతే తాళం చెవి పోతుంది, బోర్డు బాగానే ఉన్నా ఆట ఉండదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 1997లో నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ ఎమ్యులేటర్ అందుకే నాకంత విలువైనది.

వ్యాఖ్యాత: రోమ్‌లు వాడుకోవడం చట్టబద్ధమేనా?

అతిథి: మేమ్ ఉచితం. ఆటల మీద హక్కులు మాత్రం వాటి యజమానులవే. గ్రిడ్లీ, రాబీ రోటో వంటి కొన్నిటిని వ్యాపారానికి కాకుండా వాడుకోవచ్చని హక్కుదారులే అనుమతించారు. వాటితో మొదలుపెట్టండి. మేమ్‌లో మామూలుగా 5 నొక్కితే నాణెం పడుతుంది, 1 నొక్కితే ఆట మొదలవుతుంది.

వ్యాఖ్యాత: గేమ్‌ప్యాడ్ కొనాలా?

అతిథి: ప్యాక్-మ్యాన్‌కు వద్దంటాను. దాని అసలు జాయ్‌స్టిక్ నాలుగు దిక్కులకే కదిలేది. ఈనాటి గేమ్‌ప్యాడ్‌లో బొటనవేలు కాస్త జారితే రెండు దిక్కుల మధ్య ఐమూలగా పోతుంది. నేను దానితో ఆడిన మొదటి రోజు ప్రతి మలుపులోనూ గోడకు తగిలి ఆగిపోయాను. బాణం మీటలకు మారాక చెయ్యి కుదిరింది. మలుపు రాకముందే మీట నొక్కి ఉంచండి. ప్యాక్-మ్యాన్ మూలను కోసుకుంటూ తిరుగుతాడు. దయ్యాలు అలా తిరగలేవు. వెంటపడే దయ్యం అక్కడ ఒక్క అడుగు వెనకబడుతుంది.