డాకెట్ నంబరు అడిగి తీసుకోండి

శ్రోతలకు నమస్కారం.

గోదావరి డెల్టాకి ఫైబర్ ఇంటర్నెట్ కొత్తేమీ కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్ ముందుగా అందుకున్న ఊళ్లలో మన సఖినేటిపల్లి మండలం మోరి ఒకటి. అది 2016 నాటి మాట. 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు అన్నారు. ఇవాళ లంక గ్రామాల్లో కూడా కరెంటు స్తంభాల వెంట ఫైబర్ తీగ కనిపిస్తుంది. కానీ అది తెగిన రోజున ఎవర్ని అడగాలో మనకి తెలియదు.

మా పిన్ని కూతురు రాజోలు దగ్గర ఒక పల్లెటూళ్లో ఉంటుంది. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. మొన్నటి వానల్లో గాలికి కొబ్బరి మట్ట పడి తీగ తెగింది. బాక్సు మీద ఎర్ర లైటు. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే “రేపొద్దున్న వచ్చేస్తాం అక్కా” అన్నాడు. మర్నాడూ అదే మాట. కస్టమర్ కేర్‌కి చేస్తే “మీ ఏరియా ఆపరేటర్‌ని అడగండి మేడమ్”. మళ్లీ ఆపరేటర్‌ని అడిగితే “పైనుంచే లైను లేదక్కా”. ఫోన్ డేటా మధ్యాహ్నానికే అయిపోయేది. ఆఫీసు మీటింగంటే టెన్షన్. పిల్లాణ్ణి చంకనేసుకుని సిగ్నల్ కోసం డాబా ఎక్కేది. ఆరు నెలల డబ్బు ముందే కట్టేసింది పాపం.

విసిగిపోయి ఇంకో కంపెనీకి మారదామనుకుంది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిందెవరు? అదే ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు. అదే స్తంభం, అదే తీగ. బిల్లు మీద పేరొక్కటే మారుతుంది.

నాకు బాధ కలిగించేది ఇదే. సెల్ ఫోనుకైతే నంబరు మారకుండా కంపెనీ మారే వీలు 2011 నుంచీ దేశమంతా ఉంది. సర్వీసు బాగోకపోతే జనం వెళ్లిపోతారని కంపెనీకి భయం. ఇంటి నెట్టు విషయంలో ఆ భయం లేదు. ఊరి చివర నాలుగిళ్ల కోసం రెండో తీగ లాగడం ఎవరికీ గిట్టుబాటు కాదు, నిజమే. వానలో నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కే కుర్రాణ్ణి కూడా నేను తప్పుపట్టను. డబ్బు తీసుకున్న కంపెనీ జవాబు చెప్పాలి కదా!

అందుకని ఒక్క విషయం చెప్తాను, రాసుకోండి. ఆపరేటర్‌తో నోటిమాటగా చెప్పుకున్నదానికి రుజువుండదు. నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, దానికి వాళ్లిచ్చే గుర్తింపు నంబరు, అంటే డాకెట్ నంబరు తీసుకోండి. డాకెట్ నంబరు. అది వాళ్లు ఇచ్చి తీరాలి. 2024 అక్టోబరులో అమల్లోకొచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం రిపేరు మూడు రోజులు దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే కంపెనీలో అప్పీలు చేసుకోవచ్చు, రుసుము లేదు. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది.

మా చెల్లెలు డాకెట్ నంబరు పట్టుకునే అప్పీలు చేసింది. పోయిన రోజులు గడువులో కలిపారు. ఇప్పుడు ఏ నెలకి ఆ నెలే కడుతోంది.

తుపాన్ల కాలం వస్తోంది. కస్టమర్ కేర్ నంబరు, మీ కనెక్షన్ ఐడీ ఇవాళే ఒక కాగితం మీద రాసి బాక్సు పక్కన అంటించుకోండి. సెలవు.