పుస్తకం పాతదైతే చాలదు

సభకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ గ్రంథాలయాల్లోని పాత పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందించాలని మీరు ముందుకు వచ్చినందుకు ఎంతో సంతోషం. అట్ట ఊడి, పుటలు ముట్టుకుంటే పొడిరాలే పుస్తకాన్ని చూడగానే దీనికింకా హక్కులేమిటి అనిపిస్తుంది. ఆ తొందర వద్దు. మన చట్టం చూసేది పుస్తకం వయసు కాదు, రచయిత మరణించిన సంవత్సరం.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన రచనకు ఆయన జీవితకాలమంతా, ఆ తరువాత మరో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. రచయిత మరణించిన ఏడాదిని వదిలేసి మరుసటి జనవరి 1 నుంచి లెక్కపెట్టాలి. మొదట్లో ఇది 50 ఏళ్లే. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు తీరిపోయే వేళ, 1992 సవరణతో పదేళ్లు పెంచారు.

వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలులో కలిసి ఉన్నవారు. ఆళ్వారుస్వామి 1961లో కన్నుమూశారు. 2021 డిసెంబరుతో గడువు తీరింది. ఆయన జీవించి ఉండగా వెలువడిన రచనలను ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. దాశరథి 1987లో పోయారు కనుక ఆయన కవిత్వానికి 2047 చివరిదాకా అనుమతి కావాలి. మన కాళోజీ రచనలకైతే 2062 చివరిదాకా. రచయిత పోయాక తొలిసారి అచ్చయిన రచన ఉంటే దాని దారి వేరు. అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు.

బమ్మెర పోతన పద్యాల మీద ఎవరికీ హక్కు లేదు. కానీ మీ చేతిలోని భాగవతంలో పద్యం కింద టీకా, తాత్పర్యం ఉంటాయి, ముందు పీఠిక ఉంటుంది. అవి నిన్నమొన్నటి పండితులవి కావచ్చు. లోపలి పుటలో ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అని ఉంటే ఆ మాట పద్యానికి వర్తించదు, తాత్పర్యానికి వర్తించవచ్చు. అందుకే పుస్తకాన్ని గంపగుత్తగా తీసుకోకుండా ఏ భాగం ఎవరు రాశారో చూసుకోవాలి. అనువాదమైతే అనువాదకుడి లెక్క కూడా కట్టాలి.

నాకు అన్నిటికన్నా బెంగ కలిగించేది 1934 నాటి గోలకొండ కవుల సంచిక. సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి 1953లో మరణించారు. ఆయన సొంత రాతల గడువు 2013తోనే తీరింది. అయితే అందులో 354 మంది కవులున్నారు, ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. 1934లో ఇరవై ఏళ్ల యువకుడు 1990 దాకా బతికి ఉంటే ఆయన పద్యానికి 2050 వరకు రక్షణ ఉన్నట్లే. ఎందరి మరణ సంవత్సరాలు మన చేతిలో ఉన్నాయి?

కాబట్టి స్కానర్ తెచ్చుకునే ముందు ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. కవి ఊరికి వెళ్లండి, వారసులను కలవండి, సంస్మరణ సంచికలు తిరగేయండి. వారసులు దొరికితే రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఏడాది తేలని కవి పద్యాన్ని స్కాన్ చేసి భద్రపరచడానికి గ్రంథాలయంతో మాట్లాడండి గాని, తేలేదాకా బయట పెట్టకండి.