కొండ దిగే ముందు ఆ ఎర్ర దీపం చూడండి

శ్రోతలందరికీ నమస్కారం.

కారు తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద దీపాలు ఒకసారి వెలిగి ఆరిపోతాయి. వాటిలో గుండ్రటి గీత మధ్య ఆశ్చర్యార్థకం ఉన్న ఎర్ర దీపం మాత్రం ఆరలేదనుకోండి. అది బ్రేకు హెచ్చరిక. తిరుపతిలో ఉండే మనం దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదు. అలిపిరి దాటి కొండెక్కినవాళ్ళు మళ్ళీ ఘాట్ రోడ్డులోనే దిగాలి కదా. బెంగళూరు వైపు వెళ్ళేవాళ్ళకు మొగిలి ఘాట్ ఉండనే ఉంది.

ముందు హ్యాండ్ బ్రేకు చూడండి. ఒకసారి పైకి లాగి, బటన్ నొక్కి, అడుగుదాకా దించండి. అయినా దీపం ఆరకపోతే అక్కడి స్విచ్ ఇరుక్కుని ఉండొచ్చు. అది చిన్న రిపేరే. కానీ తప్పంతా ఆ స్విచ్ మీదికే నెట్టేసి ఊరుకోవద్దు.

బండిని చదునైన చోట ఆపి బానెట్ ఎత్తండి. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద మ్యాక్స్, మిన్ అని గీతలుంటాయి. ఆయిల్ మిన్ కిందికి పోతే దీపం వెలుగుతుంది. మలుపుల్లో మాత్రమే వెలిగి ఆరిపోతుంటే ఆయిల్ మిన్ గీత దగ్గరికి వచ్చిందేమో చూసుకోవాలి.

ఇక్కడే చాలామంది కాస్త ఆయిల్ పోసి, దీపం ఆరింది, టెన్షన్ తీరింది అనుకుంటారు. నాకు భయం అక్కడే. బ్రేక్ ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే చక్రాన్ని ఆపే బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది. కారుతుంటే చక్రాల లోపలివైపో, పెడల్ దగ్గరో తడి కనిపిస్తుంది. పెడల్ మెత్తబడినా, తొక్కి పట్టుకుంటే కిందికి జారుతున్నా ఆ బండిని ఇక నడపకండి, లాగించుకుని వెళ్ళండి.

పోసే ఆయిల్, బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే కావాలి. ఇంజిన్ ఆయిల్ పొరపాటున కూడా పోయొద్దు, లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఘాట్ దిగుతూ పెడల్ మీద కాలు తీయకుండా ఉంటే బ్రేకులు విపరీతంగా వేడెక్కి, పాత ఆయిల్ మరిగి బుడగలొస్తాయి. అప్పుడు పెడల్ తొక్కినా బండి ఆగదు. ఇది దీపానికి కూడా తెలియకపోవచ్చు. అందుకే సాధారణంగా రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించమంటారు. దిగేటప్పుడు చిన్న గేరులో రావాలి.

గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటును ఏబీఎస్ అంటారు. పసుపు రంగులో ఉండే దాని దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు సాధారణంగా పనిచేస్తాయి. ఎరుపు, పసుపు రెండూ కలిసి వెలిగితే ఆలస్యం చేయొద్దు.

దర్శనం చేసుకుని వచ్చేసరికి ఎర్ర దీపం ఆరకుండా ఉందా? హ్యాండ్ బ్రేకు, ఆయిల్ చూసినా కారణం తేలలేదా? కారును కొండమీదే ఉంచి మెకానిక్‌ను పైకి పిలిపించండి. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఆర్టీసీ బస్సులో కిందికి పంపించేయండి.