సేవకు పిలుపు నిజమేనా? ఎలా తెలుసుకోవాలి?

[తెర మీద: పైడిభీమవరం. షిఫ్టు దిగి కంపెనీ బస్సెక్కుతున్న కుర్రాళ్లు]

అందరికీ వందనాలు. రణస్థలం, చీపురుపల్లి, నెల్లిమర్ల వైపు కూడికలకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒక తమ్ముడు పక్కకు పిలిచి అడుగుతుంటాడు: "అన్నా, దేవుడు నన్ను సేవకు పిలుస్తున్నాడనిపిస్తోంది. ఇది ఆయన స్వరమా, నా ఆశేనా? ఉద్యోగం మానేయమంటావా?"

సందేహం వచ్చింది కదా అని పిలుపే లేదనుకోకు తమ్ముడూ. మోషే తనకు మాట సరిగా రాదన్నాడు. యిర్మీయా నేను బాలుణ్ణన్నాడు. నన్ను మాత్రం ఎక్కువగా ఆలోచింపజేసేది సమూయేలు.

[తెర మీద: 1 సమూయేలు 3వ అధ్యాయం]

మందిరంలో పడుకున్న పిల్లాడు. పేరు పెట్టి పిలిచింది సాక్షాత్తూ దేవుడే. అయినా మూడుసార్లూ లేచి యాజకుడైన ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. ఆ పిలుపు ఎవరిదో గ్రహించింది చూపు మందగించిన ముసలి ఏలీ. సొంత కొడుకుల్నే అదుపులో పెట్టలేకపోయిన మనిషి! దేవుడు అలాంటాయన్ని కూడా వాడుకుని ఆ పిల్లాడికి దారి చూపించాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకెంతో ధైర్యం వస్తుంది.

అపొస్తలుల కార్యములు 13లోనూ అంతే, పిలుపును పక్కవాళ్లు కూడా గుర్తించారు. బర్నబాను, తర్వాత పౌలుగా పేరొందిన సౌలును ప్రత్యేకించమని ఆత్మ చెప్పింది అంతియొకయ సంఘం ఉపవాసంతో ఆరాధిస్తున్నప్పుడు. సంఘమే చేతులుంచి పంపింది. తిమోతిని పౌలు వెంటబెట్టుకునే నాటికే లుస్త్రలోనూ ఈకొనియలోనూ సహోదరులు అతని గురించి మంచిగా చెబుతున్నారు.

మహాసభల్లో కన్నీళ్లతో చెయ్యెత్తిన ఆ రాత్రి నీకు కలిగిన భారం నిజమైనదే కావచ్చు. దాన్ని నేను తీసిపారేయను. కానీ సోమవారం నుంచి శనివారం దాకా నిన్ను చూసేవాళ్లు ఏమంటున్నారు?

[తెర మీద: ఉద్దానం కొబ్బరి తోటలు, పలాస వెళ్లే ఆటో]

ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న పెద్దాయన్ని డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. గంటల తరబడి కూర్చోవాలి. ఆయన కళ్లు మూసుకుని పడుకుంటారు, ప్రసంగం వినే ఓపిక ఉండదు. మంచినీళ్లు కూడా కొలతే కాబట్టి, తడిగుడ్డతో పెదాలు తుడిచి ఊరుకోవాలి. అక్కడ మైకు లేదు, ఫేస్‌బుక్ లైవ్ లేదు. అయినా వచ్చే వారం వెళ్లాలనిపిస్తోందా? ఆ ఇంటివాళ్లు నీకోసం ఎదురుచూస్తున్నారా? వేదిక మీద వచ్చే ఆమేన్‌ల కంటే ఇదే పెద్ద గుర్తని నా నమ్మకం.

ఇక ఉద్యోగం సంగతి. థామస్ గాబ్రియేల్ అనే తెలుగాయన టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం వదిలి కాకినాడలో సేవ మొదలుపెట్టాడు. విశ్వాసులు పెరిగారు, డబ్బుకు మాత్రం కటకటలాడాడు. తోడు కోసం అడిగాడు. 1874లో కెనడియన్ బాప్టిస్టులు వచ్చి కలిశారు. ఆ మిషనే తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం దాకా వచ్చింది. ఇబ్బంది వచ్చిందని ఆయన పిలుపు అబద్ధమైపోలేదు. అలాగని పిలుపుందని చెప్పి తోడు అక్కర్లేదనీ అనుకోలేదు.

పౌలు కూడా కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే వాక్యం చెప్పాడు. ఇంటి లోను కిస్తీలు నడుస్తుండగా, భార్యకు చెప్పకుండా రాజీనామా ఇవ్వడం విశ్వాసమని నేననుకోను. ఆమెకు ఇంకా నమ్మకం కుదరకపోతే ఆగు. ఆమె భయాన్ని ఆటంకమనుకోకు, అదేంటో కూర్చుని విను.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘం పాస్టర్ అయ్యగారి దగ్గర, అమ్మగారి దగ్గర కాసేపు కూర్చో. "నాలో మీకేం కనిపిస్తోంది? ఏం లోటుంది?" అని అడుగు. సండే స్కూల్ అప్పగిస్తే సండే స్కూల్, ఆసుపత్రి పరామర్శ అప్పగిస్తే అదే, ఏడాది పాటు చెయ్యి. "ఇంకా కొంతకాలం ఆగు బాబూ" అంటే ఎందుకో అడిగి తెలుసుకో. బైబిల్ కాలేజీ దరఖాస్తు ఆ తర్వాత నింపుదాం.