మాల్దీవుల్లో హనీమూన్: విల్లా సంగతి తర్వాత, ముందు ఫ్లైట్ టైమ్ చూడండి

హాయ్ అండీ! ముందే చెప్పేస్తున్నా, ఈ రిసార్ట్‌లో మేమున్న ఐదు రాత్రుల్లో రెండు వాళ్లు ఫ్రీగా ఇచ్చినవి, మిగతా మూడూ మా డబ్బులే. నీళ్ల మీద విల్లా, గాజు నేల, పూల్ అన్నీ మీరు చాలా వీడియోల్లో చూసే ఉంటారు, బాగున్నాయి, అంతే. నేను ఇవాళ మాట్లాడేది సీప్లేన్ గురించి, అంటే నీళ్ల మీద దిగే చిన్న విమానం.

మాల్దీవులంటే దాదాపు 1,200 చిన్న చిన్న దీవులు. రాజధాని మాలే పక్కనున్న ఎయిర్‌పోర్టుకి దూరంగా ఉన్న చాలా రిసార్టులకి సీప్లేన్‌లోనే తీసుకెళ్తారు. అది పగలు మాత్రమే ఎగురుతుంది, ఎందుకంటే పైలట్ నీళ్లని కళ్లతో చూసుకుంటూ దించాలి. మీ ఫ్లైట్ సాయంత్రం దిగిందా, ఇక ఆ రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గరే.

మా పెళ్లైన కొత్తలో సరిగ్గా ఇదే జరిగింది. ఏజెంట్ బుక్ చేసిన ఫ్లైట్ ఆరింటికి దిగింది. విల్లాకి ఆ రాత్రి డబ్బు కట్టేశాం, పడుకున్నది మాత్రం ఎయిర్‌పోర్టు దగ్గర గదిలో, ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే కింద చెత్తబుట్ట పెట్టుకుని. మా ఆయన ఫోన్‌లో ఆ విల్లా ఫోటోలే చూస్తూ కూర్చున్నారు. ఫోన్ చేస్తే ఆ ఏజెంట్ "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు. హనీమూన్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇది అడగాలని ఎలా తెలుస్తుందండీ? ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఈసారి పదకొండింటికల్లా దిగేలా టికెట్ తీసుకున్నాం. పైలట్లు చెప్పుల్లేకుండా ఉత్త కాళ్లతో నడుపుతారు, ఇంజిన్ మోతకి చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్స్ ఇస్తారు, మాట్లాడుకోవడం కుదరదు, చేతులు పట్టుకుని కిటికీలోంచి చూడటమే. కింద ముదురు నీలం మధ్యలో లేత ఆకుపచ్చ వలయాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. దిగేటప్పుడు అడుగున ఏదో గరగరా గీసుకున్నట్టై, అద్దం మీదికి నీళ్లు చిమ్మి, ఒక్కసారిగా వేగం తగ్గిపోతుంది. మా ఆయన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే ఉంగరం అచ్చు పడిపోయింది!

లగేజీ మాత్రం మామూలుగా 20 కిలోలే, తూకం వేస్తారు, పెద్ద సూట్‌కేసులు వద్దు.

ఇంకోటి, నెల. మేము బాలీకి జనవరిలో వెళ్లి రోజూ వానలో తడిశాం, అక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా వానాకాలమే. మాల్దీవుల్లో డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొడిగా ఉంటుంది. అంటే చలికాలంలో పెళ్లైతే మాల్దీవులు, జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య అయితే బాలీ చూసుకోండి.

నా మాటైతే, వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. మీకు సాయంత్రం ఫ్లైటే దొరికితే మాత్రం మాలేకి దగ్గరగా, స్పీడ్‌బోట్‌లో వెళ్లే రిసార్ట్ తీసుకోండి, ఆ బోట్లు చాలావరకు చీకటి పడ్డాక కూడా నడుస్తాయి. తిరుగు ఫ్లైట్ తెల్లవారుజామున ఉన్నా ఇదే లెక్క. నేనైతే ఆ సీప్లేన్ కోసమే మళ్లీ వెళ్తాను, అన్ని రాత్రులూ నా డబ్బుతోనే అయినా సరే.