రూటర్ సంగతి తర్వాత, ముందు వైరు చూడండి
(విజయవాడ సత్యనారాయణపురంలో, ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, కొత్తగా ఫ్లాటు కొన్నవాళ్ళు కలుసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక అంకె చెబుతాను: 94. నెలనెలా 200 ఎంబీపీఎస్ ప్లానుకో, 300 ప్లానుకో డబ్బు కడుతున్నారు. వైరు పెట్టిన కంప్యూటర్లో స్పీడ్ టెస్ట్ చేస్తే మాత్రం ఎప్పుడూ 94, 95 దగ్గరే ఆగిపోతోంది. ఇలా ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. చూశారా, వెనక వరసలో కూడా ఉన్నారు.

నెట్ వాళ్ళకు ఫోన్ చేసి తిట్టే ముందు ఒక్క మాట వినండి. వాళ్ళ దగ్గర రద్దీగా ఉంటే స్పీడు ఊగుతుంది. పొద్దున 180, రాత్రి తొమ్మిదింటికి 60, ఇలా. పగలూ రాత్రీ తేడా లేకుండా 94 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిందంటే, నూటికి తొంభై పాళ్ళు తప్పు మీ ఇంట్లోనే ఉంది. మోడెం దగ్గర్నుంచి మీ కంప్యూటర్ దాకా వచ్చే వైరులో ఉంది.

ఆ వైరునే లాన్ కేబుల్ అంటారు. కోసి చూస్తే లోపల ఎనిమిది సన్న తీగలుంటాయి. రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలు. పాత 100 ఎంబీపీఎస్ పద్ధతికి రెండు జతలు చాలు. రాగి తీగ మీద గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, ప్రమాణం 1999లో వచ్చింది, దానికి నాలుగు జతలూ పనిచేయాలి. నీలం జతలోనో గోధుమ రంగు జతలోనో ఒక్క తీగ తెగినా, వైరు చివరుండే ప్లాస్టిక్ జాక్‌లో సరిగా కూర్చోకపోయినా, చాలాసార్లు రెండు వైపుల పరికరాలూ చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. నెట్ ఆగదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది, ఆ నూటిలో వాటి మీద చిరునామాలాంటి తలకట్లకు పోయేది పోగా మీ చేతికొచ్చేది 94. ఇది తెలియక జనం రూటర్లు మార్చేస్తారు. మొగల్రాజపురంలో ఒకాయన ఇంట్లో మూడు రూటర్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి, మూడూ మంచివే. మార్చాల్సింది జాక్.

ఇక కొనే సంగతి. గవర్నర్‌పేటలో ఏ షాపుకెళ్ళినా క్యాట్5ఈ, క్యాట్6, క్యాట్6ఏ అని చూపిస్తారు. క్యాట్ అంటే క్యాటగిరీ, వైరు తరగతి. క్యాట్5ఈ కూడా వంద మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. పాత ఇంట్లో అది ఇప్పటికే గోడలో ఉంటే పీకేయొద్దు. 2016లో వచ్చిన ప్రమాణం ప్రకారం అదే వైరు మీద 2.5 గిగాబిట్ కూడా పోతుంది. కొత్తగా వేసేటప్పుడు మాత్రం క్యాట్6 వేయండి. ధరలో తేడా కొంచెమే, కూలి రెండింటికీ ఒకటే. 55 మీటర్ల లోపు అయితే 10 గిగాబిట్ కూడా మోస్తుంది, మన ఫ్లాట్లలో అంత పొడవు ఎక్కడుంది? క్యాట్6ఏ లావుగా, బిరుసుగా ఉంటుంది, పైపు మలుపుల్లో లాగేవాడికి ప్రాణం పోతుంది. క్యాట్7, క్యాట్8 అంటూ ఆన్‌లైన్లో అమ్మే బల్లపరుపు వైర్లు చూసి మోజుపడకండి. క్యాట్8 డేటా సెంటర్ల కోసం, 30 మీటర్ల దూరానికి తయారైన సరుకు.

అంకె కంటే ముఖ్యమైంది రాగి. మార్కెట్లో సీసీఏ అని ఒక రకం ఉంది. లోపల అల్యూమినియం, పైన రాగి పూత. పెట్టె మీద క్యాట్6 అనే అచ్చేస్తారు గానీ, అసలు క్యాటగిరీ ప్రమాణాలు ఆ తీగను ఒప్పుకోవు. షాపువాడు తెలివిగా చెబుతాడు: "సార్, సిగ్నల్ తీగ పైపొర మీదే పోతుంది, పూత చాలు" అని. సగం నిజం. హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పైపొర మీదే నడుస్తుంది. కానీ అదే వైరులో సీసీ కెమెరాకు కరెంటు కూడా పంపితే, ఆ కరెంటు తీగ మొత్తం మీద నడుస్తుంది. అల్యూమినియం నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లు పైనే. వైరు వేడెక్కుతుంది, దూరంగా ఉన్న కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే ఆగిపోతుంది. పైగా అల్యూమినియం రెండుమూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది.

కనిపెట్టడం తేలికే. షాపులోనే అరడుగు ముక్క అడగండి. ఒక తీగ తొడుగు తీసి బ్లేడుతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. సీసీఏ అయితే రెండో గీతకే తెల్లగా మెరుస్తుంది. 305 మీటర్ల పెట్టె ఎత్తి చూసినా తెలుస్తుంది, రాగిది బరువు. గీకనివ్వని షాపులో కొనొద్దు, అంతే.

ఇల్లు కడుతున్నవాళ్ళు ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. వైరు కంటే ముందు పైపు. కరెంటు పైపులోనే లాన్ వైరు కూడా తోసేద్దామని మేస్త్రీ అంటాడు, పని కలిసొస్తుందని. ఒప్పుకోవద్దు. తొడుగు ఎక్కడైనా చితికితే 230 వోల్టులు నేరుగా మీ కంప్యూటర్‌లోకి వస్తాయి. విడిగా ఒక అంగుళం పైపు, కరెంటు పైపుకు కనీసం జానెడు దూరంలో. దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కనే పొడుగునా పోకూడదు. ప్రతి గదికీ రెండు వైర్లు, హాల్లో టీవీ వెనక రెండు, సీలింగ్ మధ్యలో వైఫై పెట్టెకు ఒకటి. అన్నీ ఒకే చోటికి రావాలి. పైపులో ఒక జీఐ (ఇనుప) తీగ వదిలేయండి, పదేళ్ళ తర్వాత ఇంకేదో వైరు లాగడానికి పనికొస్తుంది. వైఫై ఉంది కదా, ఈ గొడవంతా ఎందుకంటారు. తొమ్మిదంగుళాల గోడలు రెండు దాటి, ఆపైన స్లాబు దాటి పై అంతస్తుకు వెళ్ళేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఏం మిగులుతుంది? పై అంతస్తులో ఇంకో వైఫై పెట్టె పెట్టి, దానికి వైరు ఇవ్వడమే మందు.

లాగేటప్పుడు బలం చూపించకూడదు. పదకొండు కిలోల బరువుకు మించి లాగితే మెలికలు సాగిపోతాయి, ఆ మెలికల వల్లే కదా పక్క జత గోల ఈ జతలోకి రాకుండా ఉండేది. మలుపులో వైరు లావుకు నాలుగింతలైనా వంపు ఉండాలి.

జాక్ కొట్టడం దగ్గరే అసలు పనితనం తెలుస్తుంది. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ వరస రెండు చివరలా ఒకేలా ఉండాలి. మెలిక విప్పేది అరంగుళం మించకూడదు. తీగల చివరలు జాక్ ముందు గోడకు తగిలాయో లేదో వెలుగులో పెట్టి చూడాలి. బయటి తొడుగు జాక్ లోపలికి వెళ్ళి పళ్ళ కింద నొక్కుకోవాలి. తొడుగు బయటే ఉండి రంగు తీగలు కనిపిస్తుంటే, అది ఆర్నెల్లలో ఊడుతుంది. గోడలోంచి వచ్చే వైరుకు జాక్ కాకుండా గోడ సాకెట్ పెట్టించడం ఇంకా మంచిది. ఎనిమిది తీగలూ కలిశాయో లేదో చూపించే లాన్ టెస్టర్ మేస్త్రీ చేతిలో లేకపోతే పిలవకండి. చిన్న టెస్టర్ వందల రూపాయల్లోనే వస్తుంది.

బయటి సంగతి క్లుప్తంగా. ఇప్పుడు స్తంభం నుంచి ఇంటికి చాలావరకు ఫైబరే వస్తోంది. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే ఊరూరా వెళ్ళింది. ఫైబర్ గాజు కాబట్టి పిడుగు పడితే కరెంటును లోపలికి మోయదు. వైరుకు బలం కోసం పెట్టిన ఉక్కు తీగ మోస్తుంది, అందుకే ఆ ఉక్కు తీగను బయటే కత్తిరించేసి, ఫైబర్‌ను మాత్రమే లోపలికి తేవాలి. తలుపు మూలలో మేకు క్లిప్పులతో బిగించి వంచేస్తే మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఫైబర్ చివర కంటికెదురుగా పెట్టి చూడొద్దు, ఆ కాంతి కనిపించదు గానీ కంటికి మంచిది కాదు. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఇంకా డాబా మీద నెట్‌వర్క్ స్విచ్ (ఒక లైనును చాలా వైర్లకు పంచే పెట్టె) పెట్టి లాన్ వైర్లు కిందికి వేలాడదీస్తున్నారు. బూడిదరంగు పీవీసీ వైరు మన ఎండలకు కొన్ని వేసవుల్లోనే పెళుసై పగులుతుంది. తప్పదనుకుంటే నల్లటి అవుట్‌డోర్ వైరు వేయించండి. అయినా అది రాగే కాబట్టి, ఉరుములప్పుడు వైరు గుచ్చే పోర్టులు కాలిపోతాయి.

ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు కింది ఇళ్ళు ఎలా మునిగాయో మీకు చెప్పనక్కర్లేదు. వైర్లన్నీ కలిసే పెట్టె, మోడెం, స్విచ్, వాటికిచ్చే ఇన్వర్టర్ ప్లగ్గు, అన్నీ తలుపు పైకమ్మి ఎత్తులో పెట్టించండి. స్టూలేసుకుని అందుకోవాల్సి వస్తుంది, పర్వాలేదు. ప్రతి వైరు చివరా ఏ గదిదో రాసి అంటించమనండి. ఆ రాత, టెస్టర్‌లో ఎనిమిది లైట్లు, రెండూ చూసుకున్నాకే మేస్త్రీకి మిగతా డబ్బులివ్వండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.